డాక్టరుగారి నీలం

ఆ రోజు ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మేడ దిగి మామగారి రంగుల షాపులోకి వెళ్లాలి, కొత్త మెషీన్ మీద మొదటి ఆర్డరు కలపాలి, డబ్బాలు బండి ఎక్కించాలి, భోజనం చేసి ఓ కునుకు తీయాలి. కునుకు దాకా అన్నీ అనుకున్నట్టే జరిగాయి. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

అల్లుడు ప్రోగ్రామర్. అతను పనిచేసే కంపెనీ ఆ ఊళ్లో శాఖ ఎత్తేసి, దూరంగా ఉన్న పెద్దాఫీసుకి రమ్మంది. వెళ్లడం అతనికి ఇష్టం లేదు, భార్యకి అసలే ఇష్టం లేదు. ఆమె ఆ షాపు మేడ మీదే పుట్టింది, డబ్బాల మీద అంకెలు చూసి లెక్కలు నేర్చుకుంది. షాపుకి వచ్చే ఫోన్లు ఎత్తేదీ, అలిగి వెళ్లిపోయిన ఖాతాదారుల్ని బుజ్జగించి వెనక్కి రప్పించేదీ ఆమే. మామగారికి మోకాళ్ల నొప్పులు ముదిరి, ఇక కౌంటరు దగ్గర ఎవర్ని కూర్చోబెట్టాలా అని ఇల్లంతా కలయజూశారు. ఆ చూపు కూతురి మీదుగా వెళ్లి అల్లుడి మీద ఆగింది. అదేమిటని ఎవరూ అడగలేదు. కూతురు కూడా అడగలేదు.

"చూడు అల్లుడూ," అన్నారు మామగారు కౌంటరు మీద చెయ్యేసి. "ఈ పళ్ల డాక్టరుగారు నేను షాపు తెరిచిన నాటినుంచీ మన ఖాతా. రేపు సాయంత్రం ఆయన కొత్త ఆస్పత్రి ప్రారంభం. గోడల పని సజావుగా అయిపోయిందనుకో, ఎల్లుండి నుంచి ఈ కుర్చీ నీది. అవలేదనుకో, ఆ పెద్దాఫీసు వాళ్లకి వస్తున్నానని చెప్పెయ్. మధ్యలో ఊగిసలాట వద్దు."

"అలాగే మామయ్యగారూ," అన్నాడు అల్లుడు.

మామగారి విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. ఆయన సంతోషంగా ఉంటే అల్లుణ్ని నువ్వు అంటారు. కోపం వస్తే మీరు అంటారు. అందుకే ఆయన మర్యాద మొదలుపెట్టగానే ఇంట్లోవాళ్లంతా ఎవరి గదుల్లోకి వాళ్లు సర్దుకుంటారు.

డాక్టరుగారి ఆర్డరు కూడా ఆయన లాగే ఖచ్చితంగా ఉంది. గోడలకి ముదురు నీలం, పైకప్పుకి మీగడరంగు. "ఎరుపు కనిపించిందంటే పేషెంటుకి రక్తం గుర్తొస్తుందండీ. నా ఆస్పత్రిలో ఎర్ర పెన్ను కూడా ఉంచను. అదే నీలం చూశాడనుకోండి, సముద్రం గుర్తొచ్చి నోరు దానంతటదే తెరుచుకుంటుంది," అని ఆయన సిద్ధాంతం. ఇంతవరకూ సముద్రం చూసి నోరు తెరిచినవాడికి పన్ను పీకిన దాఖలా లేదు గానీ, డాక్టరుతో వాదించడం ఎవరికి మాత్రం సరదా?

ఇక మెషీన్ సంగతి. దానికి రంగు పేరు చెబితే అర్థం కాదు, అంకె చెప్పాలి. ఆ అంకె మనం లెక్కపెట్టే తీరులో ఉండదు. తొమ్మిది తర్వాత పదికి పోకుండా A, B, C అంటూ F దాకా నడిచి, అప్పుడు గానీ పక్క గడిలోకి జరగదు. ఈ లెక్కని హెక్సాడెసిమల్ అంటారు. ఒక్కో రంగుకి ఆరు గడులు: మొదటి రెండూ ఎరుపు ఎంతో చెబుతాయి, నడిమి రెండూ ఆకుపచ్చ, చివరి రెండూ నీలం. డాక్టరుగారి నీలంలో ఎరుపూ లేదు, ఆకుపచ్చా లేదు కాబట్టి దాని అంకె 0000CC. అల్లుడు రాసిన ప్రోగ్రాం ఆ అంకెని చీటీ మీద అచ్చువేస్తుంది. చీటీ డబ్బాకి అంటిస్తే మెషీన్ దాన్ని చదువుకుని, మూతకున్న కన్నంలోంచి రంగులు పోసి, కన్నం మూసి, డబ్బాని దడదడలాడించి బయటికి తోస్తుంది. మూత తీసి చూసే పనే లేదని మెషీన్ కంపెనీవాడు గొప్పగా చెప్పి వెళ్లాడు.

మామగారు మొదటి చీటీని కళ్లద్దాలు పైకెత్తి పరీక్షించారు.

"ఈ ముందున్న సున్నాలేమిటి?"

"అవి ఖాళీ గడులండీ. అక్కడేమీ లేదని."

"ఏమీ లేనప్పుడు రాయడమెందుకు?"

"అదో పద్ధతండీ."

"నూటయాభైని ఎవడైనా సున్నా సున్నా నూటయాభై అని రాస్తాడా? వెనక సున్నా పెడితే విలువ పెరగడం చూశాను గానీ, ముందు పెడితే పెరగడం నా జన్మలో చూళ్లేదు. సిరా దండగ. తీసెయ్."

మామగారి వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. లెక్కల మాస్టారిని అడిగినా అదే చెబుతాడు. పైగా కుర్చీ ఇంకా చేతికి రాలేదు. అల్లుడు ప్రోగ్రాంలో ఒక్క చోట చిన్న మార్పు చేశాడు. చీటీ మీద CC ఒక్కటీ మిగిలింది. తెర మీద మాత్రం రంగు నిండు నీలంగా మెరుస్తూనే ఉంది. "ఇప్పుడు కడిగిన ముత్యంలా ఉంది," అన్నారు మామగారు. డబ్బాలు బండెక్కాయి.

ఆస్పత్రిలో పెయింటరు ఎదురుచూస్తున్నాడు. మనిషి పొడుగు వల్ల అందరూ అతన్ని నిచ్చెన అంటారు. రంగుల విషయంలో అతనికి ఒకటే నియమం: ఎందుకు అని అడక్కూడదు. ఒకసారి ఒక ఇంట్లో గులాబీరంగు చూసి "ఇదేనా అమ్మా?" అని అడిగిన పాపానికి, ఆ రంగు గురించి మొగుడూ పెళ్లాల మధ్య అప్పుడే చల్లారిన పోట్లాట మళ్లీ రాజుకుంది. కానీ ఈసారి డబ్బా మూత తీయగానే అతని చెయ్యి ఆగింది. పళ్ల డాక్టరు గది కదా అని మనసొప్పక డాక్టరుగారికి ఫోన్ చేశాడు. ఆయన పాత ఆస్పత్రిలో ఎవరి దవడ మీదో వంగి ఉన్నారు. నర్సు ఫోన్‌ని ఆయన చెవికి ఆనించి పట్టుకుంది.

"డాక్టరుగారూ, షాపు నుంచి డబ్బాలొచ్చాయండీ. రంగు మరీ గాఢంగా ఉందండీ. వేసెయ్యమంటారా?"

"గాఢంగానే ఉండాలి! నేనడిగిందే అది. వేసెయ్."

"గదంతానా అండీ?"

"గదంతా. మూలలు కూడా వదలకు."

నిచ్చెన మూలలు కూడా వదల్లేదు.

అల్లుడికి కునుకు పట్టీ పట్టకముందే భార్య వచ్చి కుదిపింది. "ఏమండీ, నిచ్చెన ఫోన్ చేశాడు. ఇంకో రోలరు పంపమంటున్నాడు. ఎరుపు గోడని బాగా పట్టిందిట. ఎరుపేమిటండీ?"

అల్లుడు చెప్పుల్లో కాళ్లు పెట్టాడో లేదో అతనికే తెలియదు. వెళ్లి చూస్తే, ఎర్ర పెన్ను కూడా ఉంచకూడని ఆ గది నాలుగు గోడలూ నెత్తుటి ఎరుపుతో నిగనిగలాడుతున్నాయి. మధ్యలో ప్లాస్టిక్ కవరు కప్పిన పళ్ల కుర్చీ ఒంటరిగా ఉంది. కిటికీ అవతల దారినపోయే ఒకాయన లోపలికి తొంగిచూసి, చెంప పట్టుకుని గబగబా వెళ్లిపోయాడు.

బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాక అల్లుడికి విషయం అర్థమైంది. మెషీన్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. ముందు సున్నాలుంటే 'ఎరుపు లేదు, ఆకుపచ్చ లేదు' అనుకుని నీలం గడిదాకా వెళ్లేది. అవి తీసేసరికి, మొట్టమొదట కనపడ్డ CCని మొదటి గడుల్లో, అంటే ఎరుపులో, పెట్టేసుకుంది. మిగిలిన గడులు ఖాళీగా కనపడితే వాటిలో తనే సున్నాలు వేసుకుంది. విలువలేని సున్నాలు చేస్తున్న ఉద్యోగం అది: ఎవరి చోట్లో వాళ్లని నిలబెట్టడం.

ఇదంతా మామగారికి చెప్పాలి. చెప్పాలంటే 'మీరు తీసెయ్యమన్న సున్నాల వల్లే' అనాలి. దారి పొడుగునా అతను ఆ వాక్యాన్ని మెత్తగా, మర్యాదగా, నవ్వుతూ, రకరకాలుగా సాధన చేశాడు. షాపు గుమ్మం చేరేసరికి ఒక్కటీ పనికిరాలేదు. కుర్చీ కావాలనుకున్నవాడు కుర్చీలో ఉన్నవాడి తప్పు ఎలా ఎత్తిచూపాలో ఏ ప్రోగ్రామింగు పుస్తకంలోనూ లేదు.

"నాన్నతో చెప్పెయ్యండి," అంది భార్య మెట్ల దగ్గర.

"చెబితే మీరులోకి దిగుతారు."

"దాస్తే ఇంకా కిందికి దిగుతారు."

"దాయడం కాదు. ఆయన భోంచేసి పడుకున్నారుగా, లేచేలోగా సర్దేస్తాను."

సర్దేశాడు కూడా. అతని కళ్లనిండా అప్పుడు ఎరుపే ఉంది. ఎరుపు రాకుండా ఉండాలంటే ఎరుపు గడులు రెండింట్లో సున్నాలుండాలి, అంతే కదా! ఆలోచన సబబే. ఏ అంకె వచ్చినా దాని ముందు రెండు సున్నాలు తగిలించమని ప్రోగ్రాంకి చెప్పి, కొత్త డబ్బాలు కలిపించాడు. పైకప్పు సగంలో మీగడరంగు చాల్లేదని నిచ్చెన అంటే, దానికీ ఒక డబ్బా కలిపించాడు. అన్నీ తనే మోసుకెళ్లి అప్పగించాడు.

"ఈసారి తేడా రాదు. ఆ ఎరుపు మీద కొట్టెయ్," అన్నాడు.

"ఇప్పుడేం రంగండీ?" అనబోయిన నిచ్చెనకి తన నియమం గుర్తొచ్చింది. "సరే చిన్నసారూ," అన్నాడు.

అల్లుడు ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాడు. తెల్లవారాక ఫోన్ మోగింది.

"చిన్నసారూ, ఆకుపచ్చ చక్కగా ఆరిందండీ. సీలింగు సగం మీగడా, సగం నెమలిమెడా అయింది. అలాగే ఉంచమంటారా?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. రెండు సున్నాలు ఎరుపుని అడ్డుకున్న మాట నిజమే. దాంతో CC ఒక్క మెట్టు పక్కకి జరిగి ఆకుపచ్చ గడుల్లో కూర్చుంది. ఇక మీగడరంగు మొదటినుంచీ ఆరు గడులూ నిండుగా ఉన్న పెద్దమనిషి తరహా అంకె, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అలాంటిదాని ముందు కూడా రెండు సున్నాలు తోసేసరికి గడులన్నీ జరిగిపోయి, చివరి రెండూ చోటు లేక బయటపడ్డాయి. మొదటి తప్పులో చెడనిది దిద్దుబాటులో చెడింది.

"మామయ్యగారెక్కడ?" అన్నాడు అల్లుడు.

"డాక్టరుగారితో కలిసి గోడలు చూడ్డానికి ఇప్పుడే వెళ్లారు," అంది భార్య. "ఇంకా చూస్తారేం? కూర్చోండి. ఈసారైనా మూత తీసి చూడండి."

అల్లుడు కూర్చున్నాడు. భయం పోయి సిగ్గు మిగిలాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. సున్నాలు తీసెయ్యడమూ కాదు, ఇన్నని తగిలించడమూ కాదు. అంకె ఏదైనా ఆరు గడులు నిండాలి, ఎన్ని తక్కువైతే అన్ని సున్నాలు ముందు చేరాలి, తక్కువ కాకపోతే ఒక్కటీ చేరకూడదు. ప్రోగ్రాంలో అది ఒక్క ముక్క. నిన్న ఉదయం అతను తీసేసింది సరిగ్గా ఆ ముక్కనే. డబ్బా కలిపించి, మూత పెళ్లగించి, వేలు ముంచాడు. నీలం! నిండు నీలం! అతనికి నిజంగానే కళ్లు చెమర్చాయి. మూత కూడా పెట్టకుండా డబ్బా ఎత్తుకుని వీధిన పడ్డాడు. మూతా, రోలర్లూ పట్టుకుని భార్య వెనకాల పరుగు తీసింది.

అక్కడ ఆస్పత్రిలో మామగారు అప్పటికే గుమ్మంలో నిలబడిపోయారు. డాక్టరుగారు గోడల్నీ, పైకప్పునీ, మామగార్నీ వరసగా చూశారు.

"ఇదేమిటండీ?"

మామగారు జీవితంలో ఎన్నడూ ఖాతాదారుతో 'పొరపాటైంది' అనలేదు. డబ్బాలో ఉన్నదాన్ని అమ్మడమే వ్యాపారమని ఆయన నమ్మకం.

"ఆకుపచ్చండీ," అన్నారు.

"అది కనిపిస్తోంది. నేనడిగింది నీలం."

"మీరడిగింది నీలం. మీకు కావాల్సింది ఆకుపచ్చ. సముద్రం చూస్తే మనిషికి ముందేం గుర్తొస్తుంది డాక్టరుగారూ? మునిగిపోతామని. అదే చెట్టు నీడకి వెళ్తే?"

"నిద్రొస్తుంది."

"నిద్రపోయేవాడు నోరు మూసుకుంటాడా, తెరుచుకుంటాడా?"

డాక్టరుగారు ఆలోచనలో పడ్డారు. "తెరిచే పడుకుంటాడనుకోండి. మరి ఆ సీలింగు?"

"కుర్చీలో వెల్లకిలా పడుకున్నవాడు చూసేది గోడని కాదు కదండీ. పైన సగం మబ్బు, సగం ఆకాశం. మీ ఆస్పత్రికి తప్ప ఇంకెవరికీ వెయ్యలేదు."

డాక్టరుగారు కుర్చీలో వాలి పైకి చూశారు. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. "బాగానే ఉందే!" అన్నారు. మామగారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. గండం గట్టెక్కింది.

సరిగ్గా అప్పుడు అల్లుడు లోపలికి దూసుకొచ్చాడు.

"మామయ్యగారూ! దొరికింది! అసలు నీలం ఇదీ! నిన్న వేసిన ఎరుపూ తప్పే, ఈ ఆకుపచ్చా తప్పే, ఆ సీలింగు శుద్ధ తప్పు!"

మామగారి జేబురుమాలు మళ్లీ మెడ మీదికి వెళ్లింది.

"ఎరుపా?" అన్నారు డాక్టరుగారు లేచి కూర్చుంటూ. స్విచ్‌బోర్డు పక్కన గోడని గోటితో గీశారు. ఆకుపచ్చ కింద నుంచి ఎరుపు పలకరించింది. "నా ఆస్పత్రిలో, గోడలకి, ఎరుపా?"

"అల్లుడుగారూ," అన్నారు మామగారు ఎంతో మృదువుగా. "తమరు దయచేసి ఆ డబ్బా కింద పెడతారా?"

తమరు అన్న మాట ఆయన నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు. పెద్దాఫీసు ఉన్న ఊరు, అక్కడి ఇరుకు గది, పొద్దున్నే పట్టుకోవాల్సిన బస్సు, అన్నీ అల్లుడి కళ్లముందు తిరిగాయి. తిట్టినా బాగుండేదనిపించింది.

"నాన్నా, డాక్టరుగారికి ఇంకా చెప్పలేదా?" అంది గుమ్మంలోంచి ఒక గొంతు. ఒక చేతిలో మూత, ఇంకో చేతిలో రోలర్లు, ఆయాసపడుతూ కూతురు.

"ఏం చెప్పలేదు?" అన్నారు డాక్టరుగారు. మామగారికీ అదే అనుమానం వచ్చింది గానీ పైకి అనలేదు.

"మూడు పొరల సంగతండీ. తెల్లగోడ మీద నీలం వేస్తే డబ్బాలో ఉన్న నీలమే కనిపిస్తుంది. అది ఎవరైనా వేస్తారు. లోతు రావాలంటే అడుగున ఎరుపుండాలి, దాని మీద ఆకుపచ్చ, ఆపైన నీలం. మీరడిగింది సముద్రం కదండీ? మరి లోతు లేకుండా సముద్రమేమిటి?"

"మరి మీ ఆయన తప్పు తప్పు అంటాడేం?"

"ఆయన ప్రోగ్రామరండీ. పని పూర్తయ్యేదాకా వాళ్ల భాషలో అన్నీ తప్పులే."

"నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"పన్ను పీకేముందు పేషెంటుకి మీరు అన్నీ చెబుతారా డాక్టరుగారూ?"

"చెప్పను," అని డాక్టరుగారు ఒప్పుకున్నారు. "చెబితే పారిపోతారు." అయినా ఆఖరి అనుమానం కొద్దీ, మూలన బ్రష్షులు కడుగుతున్న పెయింటరు వైపు తిరిగారు. "ఏం నిచ్చెనా, నిజమేనా?"

అడక్కూడదన్నదే నిచ్చెన నియమం గానీ, జవాబు చెప్పకూడదని కాదు. "ఇన్ని రంగులు తాగిన గోడని నా సర్వీసులో చూళ్లేదండీ. తేడా ఉండకుండా ఎక్కడికి పోతుంది?" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

మధ్యాహ్నానికి నీలం పడింది, సాయంత్రానికి ఆరింది. ప్రారంభానికి వచ్చిన ప్రతి అతిథికీ డాక్టరుగారు స్విచ్‌బోర్డు పక్కన గీత చూపించి, కింద ఎరుపు ఎందుకుండాలో, దానిమీద ఆకుపచ్చ ఎందుకుండాలో వివరించారు. నాలుగో అతిథి వచ్చేసరికి ఆ ఆలోచన ఆయనదే అయిపోయింది. పైకప్పుని మాత్రం ముట్టుకోనివ్వలేదు.

ముగ్గురూ ఇంటికి నడుస్తుండగా మామగారు అడిగారు. "ఇంతకీ తప్పు ఎక్కడొచ్చింది?"

"ముందున్న సున్నాలు తీసేశానండీ."

"ఎవరు తియ్యమన్నారు?"

"నేనే తీశానండీ," అన్నాడు అల్లుడు.

మామగారు మోకాలు పట్టుకుని వీధి దీపం కింద ఆగారు. ఆయన ముఖంలో కోపం లేదు. "తియ్యమన్నది నేను. తీసింది నువ్వు. ఆ కుర్చీకి మనిద్దరం పనికిరాం," అన్నారు. తర్వాత తాళాల గుత్తి జేబులోంచి తీసి కూతురి చేతిలో పెట్టారు.

"ఇన్నాళ్లూ నేను కనపడలేదా నాన్నా?"

"కనపడ్డావమ్మా. ఫోన్ దగ్గర ఉన్నావు, మళ్లీ కదపడమెందుకులే అనుకున్నాను."

ఆమెకి కోపమూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. రెండింట్లో ఏది ముందు చూపించాలో తేలక తాళాలు గట్టిగా పట్టుకుంది. అల్లుడికి మాత్రం ఒక్కసారిగా గుండె తేలికపడింది. కుర్చీ పోతే పోయింది, ఊరు మిగిలింది. ఆ రాత్రే పెద్దాఫీసుకి రానని చెప్పేశాడు, మర్నాడు షాపులో ఉద్యోగానికి భార్యని అడిగాడు. ఆమె ఆలోచించి చెబుతానంది.

వారం తిరక్కుండా షాపు ముందు జనం చేరారు. అందరికీ డాక్టరుగారి గోడలే కావాలి. కింద ఎరుపు, దానిమీద ఆకుపచ్చ, ఆపైన ఎవరికి నచ్చిన నీలం వాళ్లకి. ఒక్క గోడకి మూడు గోడల రంగు అమ్ముడుపోతుంటే మామగారు మేడ మీది నుంచి చూసి మురిసిపోయారు. ఏ నీలం అడిగినా దానికి తగ్గ ఎరుపూ, ఆకుపచ్చా కూడా వరసగా కలిసి వచ్చేలా ప్రోగ్రాం రాయమని కొత్త యజమానురాలు అల్లుడికి పని అప్పగించింది.

ఒక్క రోజులో చేసిన ఆ రెండు తప్పుల్నీ తప్పులేకుండా మళ్లీ చెయ్యడానికి అతనికి నెల పట్టింది.